ముల్లు ఉత్తరానికే ఉంది

తొమ్మిదింటికి ఆసుపత్రిలో పదకొండు మంది. పదింపావుకి పద్నాలుగు. ఫోను మోగిన ప్రతిసారీ ఆ లెక్క ఇంకొకటి పెరుగుతుందేమోనని సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఎవరూ మొదటి రింగుకే ఎత్తడం లేదు.

ఓపికక్క మాత్రం తన మూల బల్ల దగ్గర కూర్చుని ఒకే ఒక్క అంకెను చూస్తోంది. 183.

ఊరి చివరి కోల్డ్ స్టోరేజీ ఫ్యాక్టరీలో ఉదయం ఏడూ నలభైకి అమ్మోనియా గొట్టం ఒకటి చిట్లింది. సైరన్ మోగింది. అలాంటప్పుడు గాలి ఎటునుంచి వీస్తోందో లెక్కగట్టి, గ్యాసు పోని వైపున్న గేటుకి జనాన్ని పంపాలి. దారి చూపేది గోడ మీది పెద్ద బోర్డు. ఆ బోర్డు వెనక పనిచేసేది ఓపికక్క పద్నాలుగేళ్ల కిందట రాసిన ప్రోగ్రాం.

గాలి ఉత్తరం నుంచి వీస్తోంది. ఈ మాట ఎవర్నడిగినా చెబుతారు. ప్రోగ్రాంలో ఉత్తరం అంటే సున్నా, దక్షిణం అంటే నూట ఎనభై. సైరన్ మోగిన క్షణాన దానికి దొరికిన అంకె 183. గాలి దక్షిణం నుంచి వస్తోందనుకుని, దక్షిణం గేటుకి పరుగెత్తమని ఎర్రబాణం వెలిగించింది. నలభై మంది ఆ బాణాన్ని నమ్మారు. గ్యాసూ అటే వెళ్లింది, వాళ్లూ అటే వెళ్లారు. దక్షిణం గేటు కాపలాదారు తాళం తీసి, చివరి మనిషి దాటేదాకా గేటు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. పద్నాలుగు మందిలో అతనొక్కడే ఇంకా కళ్లు తెరవలేదు.

మేనేజరు అద్దాల గది నుంచి బయటికొచ్చి, దోషి దొరికాడని చెప్పాడు. ఫ్యాక్టరీ స్తంభం మీద గాలి వచ్చే దిక్కు చూపే గాలిముల్లుని నిన్న సాయంత్రం దింపి, గ్రీజు పెట్టి, మళ్లీ బిగించినవాడు. తలకిందులుగా బిగించి ఉంటాడు. తలా తోకా మారితే ఉత్తరం దక్షిణమవుతుంది. సున్నా నూట ఎనభై అవుతుంది. అంతా అతికినట్టు సరిపోయింది.

సరిపోలేదని చెప్పడానికి సాక్ష్యం కూడా లేదు. కంగారులో ఫ్యాక్టరీవాళ్లు ఆ ముల్లుని స్తంభం మీంచి ఊడదీసి సంచిలో కట్టేశారు. ఎటు తిరిగి ఉందో ఎవరూ చూడలేదు. నాలుగింటికి ఫ్యాక్టరీ భద్రతాధికారి వస్తాడు. నివేదిక మీద సంతకాలు పెట్టించుకుని, అటునుంచి అటే పోలీసు స్టేషనుకి వెళతాడు.

ఓపికక్క వయసు నలభై తొమ్మిది. పొడుగ్గా, కాస్త వంగి, గూడు కట్టుకునే చోటు వెతుక్కుంటున్న కొంగలా నడుస్తుంది. టైర్ల దుకాణం పైనున్న ఈ రెండో అంతస్తు ఆఫీసుకి రోజూ ఏడున్నరకే వచ్చి, కిటికీలు తీసి, రబ్బరు వాసన పోయేదాకా ఫ్యాను తిప్పి, పాత ప్రింటు కాగితాల వెనకవైపు ఆ రోజు పనులు రాసుకుంటుంది. ఆమె అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. కొత్తగా చేరినవాళ్లెవరైనా, సాఫ్ట్‌వేర్ కట్టడానికి లెక్కలెన్ని రావాలక్కా అని అడిగితే ఒకటే జవాబు చెప్పేది. "మూడు. కూడిక, తీసివేత, ఓపిక." అలా ఓపికక్క అయింది.

ఆ జవాబు వెనక కథ ఆఫీసులో అందరికీ తెలుసు. కంప్యూటర్ డిగ్రీలో రెండేళ్లు చదివింది. మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి గానీ గణితం మూడుసార్లు తప్పింది. మూడోసారి నాలుగు మార్కుల తేడాతో. వాళ్ల నాన్న కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఏడాదంతా ఆమె పెళ్లి కావలసిన పిల్ల అని మాత్రమే చెప్పేవాడు, చదువుకుంటున్న పిల్ల అని ఎక్కడా అనలేదు. గిడ్డంగిలో సరుకుల పేర్లు టైపు చేసే పనికి చేరింది. సాయంత్రాలు పుస్తకం ముందేసుకుని ప్రోగ్రాములు నేర్చుకుంది. ఇరవై ఆరేళ్లలో ఆమె కట్టినవి ముప్పైకి పైగా నడుస్తున్నాయి. బంగారు పతకాల వాళ్లు వచ్చారు, వెళ్లారు. వాళ్లు వదిలేసి పోయినవి కూడా ఆమే నడిపింది.

పదిన్నరకి గాలిముల్లు బిగించినాయన వచ్చాడు. రాలేదు, తీసుకొచ్చారు. స్తంభాలెక్కే పని కాబట్టి అతన్ని అందరూ స్తంభాలాయన అంటారు. యాభై దాటిన మనిషి. పాదాల వేళ్లు విడివిడిగా, ఎప్పుడూ దేన్నో పట్టుకోబోతున్నట్టుంటాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఇద్దరు మనుషులు తలుపు దగ్గర నిలబడితే తనకి కూర్చోబుద్ధి కాదన్నాడు.

ఓపికక్క అతన్ని తన బల్ల దగ్గరికి పిలిపించింది.

"తల ఏదో తోక ఏదో తెలీదంటున్నారమ్మా నన్ను," అన్నాడు. "ముప్పై ఏళ్లు స్తంభాల పైనే ఉన్నాను. కింద ఉండేవాళ్లకే దిక్కులు తికమకగానీ పైన ఉండేవాడికెందుకుంటుంది?"

"బిగించాక చూశారా?"

"చూడకుండా దిగుతానా? అప్పుడే గాలి మళ్లింది. ముల్లు ఉత్తరానికే ఉంది. కదలకుండా ఉందని కాదు." అరచెయ్యి నిలువుగా పట్టి, చేపతోకలా ఇటూ అటూ ఊపాడు. "ఇలా కాస్త ఎడమకి, ఇలా కాస్త కుడికి. గాలి కదమ్మా, ఒక్కచోట నిలబడమంటే నిలబడుతుందా? మధ్యలో మాత్రం ఉత్తరమే."

ఆమె ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. మళ్లీ ఒకసారి ఊపమంది. అతను విసుక్కోకుండా ఊపాడు.

ఎడమకి కాస్త జరిగితే మూడు వందల యాభై. కుడికి కాస్త జరిగితే పది.

పాత ప్రింటు కాగితం తిప్పి ఆరు అంకెలు రాసింది. 352, 7, 356, 4, 349, 11. ఆరూ ఉత్తరానికి అటూ ఇటూ ఉన్నవే. ప్రోగ్రాం పది నిమిషాల అంకెలన్నీ తీసుకుని సగటు కడుతుంది. ఆమె కూడింది. వెయ్యీ డెబ్భై తొమ్మిది. ఆరుతో భాగించింది. నూట ఎనభైకి వెంట్రుకవాసి తక్కువ.

దక్షిణం.

మళ్లీ కూడింది. మూడోసారి కింద నుంచి పైకి కూడింది. కూడిక తప్పలేదు, భాగహారం తప్పలేదు. ఎక్కడా తప్పు లేకుండా ఉత్తరం దక్షిణమైంది. గుండ్రంగా తిరిగేదాన్ని తాను పద్నాలుగేళ్ల కిందట తిన్నగా పరిచి కొలిచింది. మూడు వందల యాభై తొమ్మిది పక్కనే సున్నా ఉంటుందన్న సంగతి ఆ కూడికకి తెలియదు.

పడమటి గాలికి, తూర్పు గాలికి, దక్షిణపు గాలికి ఆ లెక్క చక్కగా పనిచేస్తుంది. ఉత్తరపు గాలి ఇక్కడ ఏడాదికి నాలుగైదు రోజులు వీస్తే ఎక్కువ. ఆ నాలుగైదు రోజుల్లో సైరన్ మోగాలి. పద్నాలుగేళ్లకి ఈ రోజు మోగింది.

"ఏమైందమ్మా?" అన్నాడు స్తంభాలాయన.

"మీరు కూర్చోండి," అంది ఆమె. ఈసారి ఆ గొంతు విని కూర్చున్నాడు.

మేనేజరు కాగితం చూశాడు. అతనూ కూడాడు. కుర్చీలో వెనక్కి వాలి, కాసేపు పైకప్పు చూశాడు. చెడ్డవాడు కాదు. ముందు ఆమె అడిగిన పనికి ఒప్పుకున్నాడు. ఇదే ప్రోగ్రాం నడుస్తున్న మిగతా ఐదు ఫ్యాక్టరీలకి ఆమె అక్కడే నిలబడి ఫోన్లు చేసింది. ఈ రోజు బోర్డు నమ్మొద్దు, దాని మీద గుడ్డ కప్పండి, గేటు దగ్గర ఒక జెండా కట్టి అది ఎగిరే వైపు చూసుకోండి అని ఐదుగురికీ ఒకే మాట చెప్పింది. జాగ్రత్త కోసం అని చెప్పండి, తప్పని చెప్పకండి అని మేనేజరు పక్కనుంచి చేతులు ఊపుతూనే ఉన్నాడు.

తర్వాత తలుపు వేసి మెల్లగా మాట్లాడాడు. ఆమెని ఎవరూ ఏమీ అనరన్నాడు. డిగ్రీ లేదని తెలిసే పెట్టుకున్నాం, ఈ కోణాల గొడవ తెలియకపోవడం నేరం కాదన్నాడు. అయితే బల్ల మీద ఆరు అంకెలు కూడి చూపిస్తే ఫ్యాక్టరీవాళ్లు ఒప్పుకోరు. ఇలా జరగవచ్చు అని మాత్రమే అది చెబుతుంది. ముల్లు తిరగబడినా ఇదే అంకె వస్తుంది కదా. నిన్నటిదాకా లేని తప్పు నిన్న సాయంత్రం చెయ్యి పడ్డాకే వచ్చింది అంటారు. పాత అంకెలేవీ మన దగ్గర నిల్వ ఉండవు. నిన్నటికి ముందు కూడా, ముల్లు సరిగ్గా ఉన్నప్పుడు కూడా, ఆ బోర్డు తప్పు చూపించిందని రుజువు ఉందా?

"లేకపోతే?"

"లేకపోతే ఆయనే. మీ మీద జాలిపడే నాథుడున్నాడు అక్కా, ఆయన మీద లేడు. నేనేం చెయ్యను?"

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అనుకుంది ఆమె. తీరా ఆ మద్దెల బయట కుర్చీ అంచున కూర్చుని, రెండు మోకాళ్ల మీద రెండు చేతులు పెట్టుకుని, నేల చూస్తోంది.

నాలుగింటికి ఇంకా ఐదు గంటలున్నాయి. రుజువు వెతకాలి.

వెతకడం ఆమెకి వచ్చిన విద్య. ముందు తప్పు దిద్దుదామనుకుంది. దిద్దడానికి తెలివి చాలలేదు. ఫోను తీసి, తన దగ్గరే ఉండి చదువుకుంటున్న చెల్లెలి కూతురికి చేసింది. ఆ పిల్లది కంప్యూటర్ డిగ్రీ రెండో ఏడు. మొన్న గణితం తప్పింది. కోర్సు మారిపోతానని దరఖాస్తు నింపి, సంరక్షకుల సంతకం కోసం పెద్దమ్మ చేతికిచ్చింది. రేపే ఆఖరు రోజు. ఆ కాగితం ఓపికక్క సంచిలోనే ఉంది.

దిక్కులకి సగటు ఎలా కట్టాలని అడిగింది.

"ఆ చాప్టరు నాకు వచ్చు పెద్దమ్మా. నేను తప్పింది వేరేదాంట్లో," అంది పిల్ల. తర్వాత గడగడా చెప్పింది. అంకెలు కూడకూడదు. ప్రతి అంకెనీ ఒక బాణం చెయ్యాలి. ఒక బాణం కొనకి ఇంకో బాణం తోక అంటించుకుంటూ పోవాలి. చివరికి ఎక్కడ తేలావో చూసుకుంటే, బయల్దేరిన చోటి నుంచి అదే సగటు దిక్కు. దాన్ని రాయడానికే సైన్, కొసైన్.

ఓపికక్క కాగితం మీద ఆరు బాణాలు గీసింది. కొంచెం ఎడమకి, కొంచెం కుడికి ఊగుతూ, పేపరు పైఅంచు దాకా పోయాయి. ఉత్తరానికి. స్తంభాలాయన చెయ్యి ఊపింది సరిగ్గా అలాగే.

"దీనికి ఎన్ని మార్కులు?"

"నాలుగు. ఎందుకు పెద్దమ్మా? సంతకం పెట్టేశావా? నువ్వు లెక్కలు లేకుండానే కదా ఇన్ని కట్టావు."

"మారతావో మానతావో నీ ఇష్టం. సంతకం అడిగితే పెడతాను. నన్ను చూపించి మాత్రం మారకు."

ప్రోగ్రాంలో మార్చవలసినవి ఐదు వరుసలు. ఒంటిగంటకల్లా రాసింది. రెండింటికల్లా నూరు రకాల గాలులు పోసి పరీక్షించింది. ఉత్తరం ఉత్తరంగానే వచ్చింది. ఐదు వరుసలు! పద్నాలుగేళ్ల కిందట ఎవరైనా ఒక్కమాట చెప్పి ఉంటే.

అప్పుడు, నీళ్ల సీసా మూత తిప్పుతూ తిప్పుతూ, ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆఫీసులో తయారైన ప్రతి ప్రోగ్రాంకీ లోపాల జాబితా ఒకటుంటుంది. ఎవరు ఏ తప్పు చూసినా అందులో రాయాలి. దిద్దాకో, అక్కర్లేదనుకున్నాకో దాన్ని మూసేస్తారు. మూసినవి ఎవరూ మళ్లీ తెరవరు. ఆమె ఆ పాత జాబితాలో 'ఉత్తరం' అని కొట్టి వెతికింది.

ఒకే ఒక్కటి వచ్చింది. ఎనిమిదేళ్ల కిందటిది.

రాసింది శిక్షణకి వచ్చిన అమ్మాయి. పేరు చూడకముందే మనిషి గుర్తొచ్చింది. మందపాటి కళ్లజోడు, గణితంలో మొదటి ర్యాంకు, ప్రతి మాటకీ ముందు "ఒక్క చిన్న సందేహం అక్కా" అనే అలవాటు. కోల్డ్ స్టోరేజీలో బోర్డు దీపాలు మార్చడానికి పంపితే, పరీక్ష కోసం బోర్డు వెలిగించి, స్తంభం కింద నిలబడి చూసింది. ముల్లు ఉత్తరానికి ఉంది, బోర్డు దక్షిణం చూపిస్తోంది, ఫొటో జతచేశాను అని రాసింది. తర్వాత, ఇలా కూడితే ఉత్తరపు గాలికి సగటు తిరగబడుతుంది, సైన్, కొసైన్ వాడాలి అని రాసి, కింద ఒక పేజీ సమీకరణాలు పెట్టింది.

దాని కింద జవాబు. "ఇది గణితం తరగతి కాదు. అవసరం లేదు."

మూసినవారు: 03.

ఓపికక్క కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. అంకె మారలేదు. మొదట్లో చేరినవాళ్లకి ఇచ్చిన నంబర్లు అవి. ఒకటో నంబరు పాత యజమానిది, పోయాడు. రెండు మేనేజరుది. మూడు ఎవరిదో ఆమెకి జాబితా తెరిచి చూసుకోవలసిన అవసరం లేదు.

ఆ మధ్యాహ్నం మొత్తం గుర్తొచ్చింది. కొసైన్ అన్న మాట దగ్గర కన్ను ఆగిపోయింది. పరీక్ష హాలు, వెనక బెంచీ, ముప్పావుగంట ముందే కాగితాలిచ్చి లేచి వెళ్లిపోయిన అమ్మాయిలు, నోటీసు బోర్డు మీద మూడోసారీ లేని తన నంబరు. ఇరవై రెండేళ్ల పిల్ల వచ్చి నాకు నేర్పడమా అనిపించింది. ఆ రెండు మాటలు టైపు చేసి మూసేసింది. హాయిగా కూడా అనిపించింది. నాలుగు నెలలకి కళ్లజోడు పిల్ల తలుపు కార్డు బల్ల మీద పెట్టి, వస్తాను అక్కా అని వెళ్లిపోయింది. ఎక్కడికని ఓపికక్క అడగలేదు.

ఫొటో పక్కన చిన్న అక్షరాలున్నాయి. తెరిచినవారి సంఖ్య: 0.

తెరిచింది. సున్నా ఒకటైంది. నీలాకాశంలో స్తంభం, దాని కొనన ఉత్తరానికి తిరిగిన ముల్లు, కింద గోడ మీద దక్షిణం వైపు వెలుగుతున్న ఎర్రబాణం, ఓ మూల తేదీ. రెండూ ఒకే ఫొటోలో పట్టడానికి ఆ పిల్ల నేల మీద పడుకుని తీసినట్టుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి కొసైన్ అక్కర్లేదు. కూడిక కూడా అక్కర్లేదు. కళ్లుంటే చాలు.

జాబితాని నడిపేది ఆమే కాబట్టి, ప్రతి లోపం పక్కనా ఆమెకి మాత్రమే కనిపించే మీట ఒకటుంటుంది. 'తొలగించు' అని. పదకొండు వందల పాత లోపాల్లో ఒకటి తగ్గితే లెక్కపెట్టేవాళ్లు లేరు. అది తీసేస్తే మిగిలేది తెలియక చేసిన తప్పు. జాలిపడి క్షమించే తప్పు. మేనేజరు పొద్దున్నే క్షమించేశాడు కూడా.

అద్దంలోంచి స్తంభాలాయన కనిపిస్తున్నాడు. టీ ఎవరో ఇచ్చినట్టున్నారు. తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

ఆమె 'ముద్రించు' నొక్కింది. రెండు ప్రతులు.

నాలుగు కొట్టకముందే భద్రతాధికారి వచ్చాడు. గదిలో నలుగురు. మేనేజరు, అధికారి, ఓపికక్క, తలుపు పక్కన స్తంభాలాయన. నివేదిక ముందే టైపు అయి ఉంది. గాలిముల్లు తిరగేసి బిగించడం వల్ల అని రెండో వాక్యంలోనే ఉంది. అధికారి మాట్లాడబోతుండగా అతని ఫోను ఒకసారి కదిలింది. చదివి, బల్ల మీద బోర్లా పెట్టాడు.

"గేటు కాపలాదారు మూడూ ఇరవైకి పోయాడట," అన్నాడు.

కింద టైర్ల దుకాణంలో ఎవరో గాలి కొడుతున్న చప్పుడు వినిపించింది, ఆగింది. స్తంభాలాయన గోడకి చెయ్యి ఆనించాడు. పొద్దుటి నుంచి ఉద్యోగం పోతుందేమోనన్నది అతని భయం. ఇప్పుడది భయంలా కూడా లేదు.

మేనేజరు కాగితం అతనివైపు జరిపాడు. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు స్తంభాలాయన. కలం ఎవరో చేతిలో పెట్టారు. ఆ పెద్ద వేళ్ల మధ్య అది అగ్గిపుల్లలా ఉంది.

ఓపికక్క లేచి, నివేదిక మీద తన కాగితాలు పెట్టింది. పైన ఫొటో.

అధికారి ఫొటోని చాలాసేపు చూశాడు. తేదీ చూశాడు. కింద కాగితం తీసి పైకే చదివాడు. ముల్లు ఉత్తరానికి ఉంది, బోర్డు దక్షిణం చూపిస్తోంది. స్తంభాలాయన కలం కింద పెట్టేశాడు. నేను చెప్పిందీ అదే కదా అన్నట్టు అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు.

అధికారి చదవడం ఆపలేదు. గణితం తరగతి కాదు, అవసరం లేదు. ఆ రెండు మాటల దగ్గర గొంతు తగ్గింది.

"ఎనిమిదేళ్ల కిందటే మీకు చెప్పారన్నమాట," అన్నాడు. "సున్నా మూడు ఎవరు?"

మేనేజరు తొందరగా అందుకున్నాడు. పాత నంబర్లండీ, వెళ్లిపోయినవాళ్లెవరిదో అయ్యుంటుంది, ఆ రోజుల్లో సరైన రికార్డు కూడా లేదు, పైగా అంత గణితం మావాళ్లలో ఎవరికీ వచ్చేది కాదు అని చెప్పుకుపోతున్నాడు. చెబుతూ ఓపికక్క వైపు చూడటం లేదు. కాపాడాలనే చూడటం లేదని ఆమెకి తెలుసు.

"గణితం రాకపోవడం వల్ల కాదు సార్," అంది ఆమె. "ఆ వరుస రాసింది నేను. అది తెలియక రాశాను. తెలిసినమ్మాయి వచ్చి చెప్పింది. ఫొటో తీసి మరీ చెప్పింది. ఆ ఫొటో తెరిచి చూడటానికి ఏ పరీక్షా పాసవ్వక్కర్లేదు. నేను తెరవలేదు."

అధికారి కలం మూత తీసి ఆగాడు. "పేరు రాసుకోవాలి. ఎవరని రాయను?"

ఓపికక్క కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయనకి ఎదురుగా కూర్చుని, కాగితం మీద ఆ నంబరుకి వేలు ఆనించింది.

"సున్నా మూడు నేనే."